ఫైలు ఎవరి బల్ల మీద పడుతుంది: కంప్యుటేషనల్ సైన్స్ పీహెచ్‌డీకి ఒక విదేశీ విద్యార్థిని దరఖాస్తు - కేస్ స్టడీ

ఈ అమ్మాయి కంప్యుటేషనల్ సైన్స్‌లో, అంటే సైన్స్, ఇంజినీరింగ్ సమస్యలను కంప్యూటర్‌లో లెక్కగట్టి చూసే రంగంలో, పీహెచ్‌డీ చేయాలనుకుంది. మొదటి ఏడాది తొమ్మిది చోట్ల దరఖాస్తు పెట్టింది. తొమ్మిదీ పోయాయి. మరుసటి ఏడాది ఏడు చోట్ల పెడితే మూడింట్లో సీటొచ్చింది, వాటిలో రెండు పూర్తి ఫండింగ్‌తో. ఈ మధ్యలో ఆమె మార్కులు మారలేదు. టోఫెల్ మళ్లీ రాయలేదు, జీఆర్ఈ కూడా పాతదే. పేపరేదీ అచ్చు కాలేదు. మరి మారిందేమిటి? ఈ కేసంతా దాని గురించే. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, దేశం, చదివిన కాలేజీ తీసేశాను. ఎక్కడ సీటొచ్చిందో కూడా చెప్పను. అవి తెలిసినంత మాత్రాన చదివేవాళ్లకు కొత్తగా ఒరిగేదేమీ లేదు.

నా గురించి రెండు ముక్కలు. నేను పనిచేసేది కంప్యుటేషనల్ మెకానిక్స్‌లో. నేనూ ఒకప్పుడు విదేశీ విద్యార్థినిగానే పీహెచ్‌డీకి వెళ్లాను. తర్వాత ఒక విభాగంలో మూడేళ్లు అడ్మిషన్ కమిటీలో కూర్చుని ఫైళ్లు చదివాను. ఇప్పుడు ఏటా ఐదారుగురికి దరఖాస్తుల్లో సాయం చేస్తుంటాను. డబ్బు తీసుకోను, ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం) రాసిపెట్టను. చదువుతాను, ప్రశ్నలు వేస్తాను, అంతే.

మొదటి ఏడాది ఫైలు

మార్చి చివర్లో, తొమ్మిదో తిరస్కరణ వచ్చిన వారానికి నా దగ్గరకు వచ్చింది. మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ. ఆ తర్వాత ఒక డిజైన్ సంస్థ సిమ్యులేషన్ విభాగంలో రెండేళ్ల ఉద్యోగం. మార్కులు బాగున్నాయి. ఒక్క చిక్కేమిటంటే, ఏ సబ్జెక్టు మీద ఇష్టంతో ఈ దారి పట్టిందో ఆ న్యూమరికల్ మెథడ్స్‌లోనే (సమీకరణాలను కంప్యూటర్‌తో ఉజ్జాయింపుగా సాధించే పద్ధతులు) గ్రేడు తక్కువ. "మేడమ్, ఆ గ్రేడు వల్లే పోయినట్టుంది కదా?" అని అడిగింది. ఫైలు మొత్తం పంపమన్నాను.

ఎస్ఓపీ మొదటి పేరా "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లన్నా సైన్స్ అన్నా ఆసక్తి" అని మొదలైంది. కమిటీలో ఉన్న మూడేళ్లలో ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కళ్లు వాటంతటవే రెండో పేరాకు జారిపోతాయి. రెండో పేరాలో తనకు వచ్చునన్న ప్రోగ్రామింగ్ పనిముట్ల జాబితా: పైథాన్, సీ ప్లస్ ప్లస్, మ్యాట్‌ల్యాబ్, ఓపెన్‌ఫోమ్, ఎంపీఐ, ఓపెన్‌ఎంపీ, క్యూడా, టెన్సర్‌ఫ్లో. మూడో పేరాలో కాలేజీ ప్రాజెక్టు గురించి రెండు వాక్యాలు. నాలుగులో "మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయం". తొమ్మిది ఎస్ఓపీల్లోనూ నాలుగో పేరాలో విశ్వవిద్యాలయం పేరు తప్ప మరేమీ మారలేదు.

ఆ ఏడాది ఆమెకు ఒక్క ఇంటర్వ్యూ వచ్చింది. అదెలా జరిగిందో చెప్పమన్నాను. కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది. ప్రొఫెసర్ జాబితా చూసి అడిగిన మొదటి ప్రశ్న: "మీ ఎంపీఐ కోడ్ ఎన్ని కోర్ల దాకా స్కేలయింది? ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది?" ఎంపీఐ అంటే ఒక లెక్కను చాలా ప్రాసెసర్ కోర్లకు పంచే పద్ధతి; కోర్లు పెంచేకొద్దీ వేగం ఎంతవరకు పెరిగిందని ఆయన ప్రశ్న. ఈమెకు ఎంపీఐతో ఉన్న పరిచయం రెండు రోజుల వర్క్‌షాపు. అక్కడిచ్చిన ఉదాహరణ కోడ్‌ను నాలుగు కోర్ల మీద నడిపి చూసింది, అదీ ఒకసారి. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆయన మర్యాదగానే ఇంకో ప్రశ్నకు వెళ్లాడట, కానీ మిగతా ఇరవై నిమిషాలు తన గొంతు తనకే వినబడలేదంది.

గ్రేడు వల్ల కాదని ఆ రోజే చెప్పాను. ఆమె నమ్మలేదు.

పేరొకటి, ఇళ్లు చాలా

అసలు తప్పు ఎస్ఓపీ కంటే ముందే, చోట్ల ఎంపికలోనే జరిగింది. తొమ్మిదింటిలో అయిదు కంప్యూటర్ సైన్స్ విభాగాలు, రెండు డేటా సైన్స్ ఎమ్మెస్ కోర్సులు. కంప్యుటేషనల్ సైన్స్‌కు సంబంధించినవి రెండే రెండు. ఎందుకలా ఎంచుకున్నావంటే, "కంప్యుటేషనల్ అంటే కంప్యూటర్ సైన్సే కదా మేడమ్" అంది. ఈ పొరపాటు ఈమె ఒక్కదానిదే కాదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది చేసేదే.

కమిటీ గదిలో ఏం జరుగుతుందో చెబితే ఇది అర్థమవుతుంది. కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఫైళ్లను రంగాలవారీగా పంచుకుంటారు: సిస్టమ్స్, థియరీ, మెషిన్ లెర్నింగ్, గ్రాఫిక్స్, భద్రత. ఒక లోహపు పలకలో వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టిన అమ్మాయి ఫైలు వీటిలో ఎవరికి ఇవ్వాలి? ఎవరికీ కాదు. ఫైలు చెడ్డదని కాదు, దాన్ని "ఈమె నాకు కావాలి" అనే మనిషి ఆ గదిలో లేడు. పీహెచ్‌డీ అడ్మిషన్ అంటే పరీక్షలో ర్యాంకు లాంటిది కాదు. ఒక మనిషి మరో మనిషిని అయిదారేళ్లకు పనిలో పెట్టుకోవడం. అడిగేవాళ్లు లేని ఫైలు ఎంత బాగున్నా కుప్పలోనే ఉండిపోతుంది.

కంప్యుటేషనల్ సైన్స్‌కు ఈ ఇబ్బంది పుట్టుకతోనే ఉంది. ఇది ఒక విభాగంగా పుట్టలేదు. అమెరికాలో గణిత శాస్త్రవేత్త పీటర్ లాక్స్ అధ్యక్షతన ఒక కమిటీ సైన్స్, ఇంజినీరింగ్‌లలో పెద్ద ఎత్తున గణన అవసరమని నివేదిక ఇచ్చింది 1982లో. దాని తర్వాత ఒక్కో విశ్వవిద్యాలయం తనకు వీలైన చోట ఈ రంగానికి గది కట్టుకుంది. కొన్ని చోట్ల గణితం పక్కన, కొన్ని చోట్ల ఇంజినీరింగ్ పక్కన, కొన్ని చోట్ల విడిగా. అందుకే ఒకే రకం పని చేసే ఇద్దరు ప్రొఫెసర్లు ఒక ఊళ్లో గణిత విభాగంలోనూ, మరో ఊళ్లో ఏరోస్పేస్‌లోనూ కనబడతారు.

కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఆమె చేత ఎస్ఓపీ రాయించలేదు. ఒక్కో చోట తలుపు ఎక్కడుందో వెతికించాను. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లోని ఓడెన్ ఇన్‌స్టిట్యూట్ సొంతంగా పీహెచ్‌డీ నడుపుతుంది. అందులో అనువర్తిత గణితం, సంఖ్యా విశ్లేషణ - సైంటిఫిక్ కంప్యుటేషన్, మోడలింగ్ అని మూడు భాగాలు, విద్యార్థి మూడింటిలోనూ తేలాలి. స్టాన్‌ఫర్డ్‌లో ఐసీఎంఈ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ కంప్యుటేషనల్ అండ్ మ్యాథమెటికల్ ఇంజినీరింగ్) అనే సంస్థ, దానిదీ సొంత డిగ్రీ. జార్జియా టెక్‌లో కంప్యుటేషనల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పీహెచ్‌డీ ఒకటే, కానీ దరఖాస్తులో "హోమ్ యూనిట్" ఎంచుకోవాలి. గణితమా, ఏరోస్పేసా, ఇంకోటా అన్నదాన్ని బట్టి చదివేవాళ్లు మారిపోతారు. మిషిగన్‌లో సైంటిఫిక్ కంప్యూటింగ్ ఉమ్మడి డిగ్రీ. ముందు ఒక విభాగంలో చేరాలి, దాని పేరు పక్కన ఇది కలుస్తుంది. ఎంఐటీలో కూడా కొన్ని విభాగాల ద్వారా వెళ్లే దారి ఉంది. ఇలినాయ్‌లో ఇది ఇతర విభాగాల విద్యార్థులు అదనంగా చేసుకునే కాన్సంట్రేషన్. ఫ్లోరిడా స్టేట్‌లో ఏకంగా సైంటిఫిక్ కంప్యూటింగ్ అనే విభాగమే ఉంది.

యూరప్ లెక్క వేరు. అక్కడ పీహెచ్‌డీ సాధారణంగా మాస్టర్స్ తర్వాతే, చాలా చోట్ల ఉద్యోగ ప్రకటనలాగే పడుతుంది. సెంట్రల్ కమిటీకి కాకుండా నేరుగా ప్రొఫెసర్‌కే దరఖాస్తు. మాస్టర్స్‌కైతే మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ, జూరిక్‌లోని ఈటీహెచ్, లొజాన్‌లోని ఈపీఎఫ్ఎల్‌లో ఇదే పేరుతో కోర్సులున్నాయి. ఇలాంటి చోట్ల మీరు చదివిన సబ్జెక్టుల్లో గణితం ఎంత, ప్రోగ్రామింగ్ ఎంత అని సిలబస్ తీసి మరీ పోల్చుకుంటారు. ఎస్ఓపీ ఎంత బాగా రాసినా ఆ లోటు పూడదు. ఈ అమ్మాయి దగ్గర డిగ్రీ మాత్రమే ఉంది, కావాల్సింది నేరుగా పీహెచ్‌డీ. అందుకని అమెరికా వైపే ఎక్కువ మొగ్గాం.

జూన్‌కల్లా ఒక పెద్ద పట్టిక తయారైంది. ఒక్కో వరుసలో విశ్వవిద్యాలయం, ఏ తలుపు, ఫైలు చదివే విభాగం, ఆమె పనికి దగ్గరగా ఉన్న కనీసం ఇద్దరు ప్రొఫెసర్లు, వాళ్లు ఇటీవల రాసిన పేపర్లలో ఆమె నిజంగా చదివినది ఒకటి. ఆఖరి గడి నింపలేకపోతే ఆ వరుస కొట్టేయమన్నాను. ఇరవై రెండు వరుసలు ఏడయ్యాయి. కొట్టేసినవాటిలో పెద్ద పేర్లున్నాయి. అప్పుడు ఆమె మొహం చూడాలి.

దాచిపెట్టిన గ్రాఫ్

ఇక ఫైలులో పెట్టడానికి సరుకేముందో వెతకాలి. కాలేజీ ప్రాజెక్టు కోడ్ పంపమన్నాను. చతురస్రాకార పలక. మూడు అంచుల మీద ఉష్ణోగ్రత ఇచ్చారు, నాలుగో అంచు నుంచి వేడి బయటకు పోదు. లోపల ఉష్ణోగ్రత కనుక్కోవాలి. పలకను చిన్న గడులుగా (గ్రిడ్) విడగొట్టి లెక్కగట్టే ఫైనైట్ డిఫరెన్స్ పద్ధతి, సీ ప్లస్ ప్లస్‌లో తనే రాసుకున్న కోడ్, వచ్చిన సమీకరణాలను సాధించడానికి కాంజుగేట్ గ్రేడియెంట్ సాల్వర్. ఈ రంగంలో ఇంతకన్నా మామూలు ప్రాజెక్టు ఉండదు. ఫోల్డర్‌లో రంగురంగుల బొమ్మలు చాలా ఉన్నాయి. వాటి మధ్య "పాతవి" అనే సబ్‌ఫోల్డర్ ఉంది. దాంట్లో గ్రిడ్ సన్నబడితే లోపం ఎంత తగ్గుతుందో చూపే ఒక లాగ్-లాగ్ గ్రాఫ్.

"ఇదేంటి?"

"అది తప్పొచ్చింది మేడమ్. రిపోర్టులో పెట్టలేదు."

జవాబు ముందే మనమే ఎంచుకుని, దానికి సరిపోయే ప్రశ్న తయారుచేసి, కోడ్ ఆ జవాబుకు ఎంత దగ్గరగా వస్తుందో చూడటం ఈ రంగంలో మామూలు పరీక్ష. ఆమె అది చేసింది. ఆ వయసులో చాలామంది చేయరు. ఆమె వాడిన పద్ధతి రెండో ఆర్డర్‌ది, అంటే గ్రిడ్ దూరం సగం చేస్తే లోపం నాలుగో వంతుకు పడిపోవాలి. 20 గడుల నుంచి 40కి, 80కి, 160కి వెళ్లింది. ఒక్కో అడుగులో లోపం నాలుగు రెట్లు తగ్గాల్సింది పోయి మొదట 2.6 రెట్లు, తర్వాత 2.35, ఆ తర్వాత 2.2 రెట్లు తగ్గింది. గ్రిడ్ సన్నబడేకొద్దీ ఆ సంఖ్య 2 వైపు జారుతోంది. కోడ్‌లో తప్పుందనుకుని, గడువు దగ్గరపడి, గ్రాఫ్‌ను ఫోల్డర్‌లో పడేసి రంగుల బొమ్మలతో రిపోర్టు ఇచ్చేసింది.

నేను ఏం చెప్పకుండా ఒక్క ప్రశ్నే అడిగాను: "2 వైపు జారుతోందంటే ఎక్కడో ఒకటో ఆర్డర్ పని జరుగుతోంది. కోడ్‌లో ఒకటో ఆర్డర్ ఎక్కడుంది?"

నాలుగు రోజులు పట్టింది. లోపలి పాయింట్లన్నింటికీ ఫార్ములా సరిగ్గానే రాసింది. వేడి బయటకు పోని నాలుగో అంచు దగ్గర మాత్రం "అంచు మీది ఉష్ణోగ్రత పక్క పాయింటుతో సమానం" అని ఒక్క లైనులో తేల్చేసింది. చూడటానికి సబబుగానే ఉంటుంది, కానీ అది ఒకటో ఆర్డర్ ఉజ్జాయింపు. ఒక్క అంచు మీద చేసిన ఆ పని పలకంతా పాకి, మొత్తం జవాబును ఒకటో ఆర్డర్‌కు దించేసింది. పలక బయట ఒక ఊహా వరుస, ఘోస్ట్ పాయింట్లు అంటారు వాటిని, పెట్టి ఆ లైను మార్చింది. మళ్లీ నడిపింది. 3.9, 3.97, 3.99. ఆ గ్రాఫ్ అర్ధరాత్రి పంపింది. కింద ఏమీ రాయలేదు.

పాత గ్రాఫ్, కొత్త గ్రాఫ్ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు ఈ ఫైలు పనికొస్తుందన్న నమ్మకం కుదిరింది. కమిటీలో నేను వెతికింది ఇదే. సిమ్యులేషన్ నడపడం ఎవరికైనా వస్తుంది, బొమ్మ ఎప్పుడూ అందంగానే ఉంటుంది. ఆ బొమ్మను నమ్మొచ్చా లేదా అని అనుమానించి, అనుమానాన్ని చివరిదాకా తరిమినవాళ్లు తక్కువ. రంగు బొమ్మలున్న ఫైళ్లు వందలొస్తాయి. తప్పొచ్చిన గ్రాఫ్‌తో మొదలయ్యే ఎస్ఓపీ మూడేళ్లలో నేను చూసినవి రెండు.

ఆ వేసవి ఆమె ఇంకో పని కూడా చేసింది. డీల్ టూ అనే ఫైనైట్ ఎలిమెంట్ (ఇలాంటి సమస్యలనే మరో రకంగా సాధించే పద్ధతి) లైబ్రరీ ఉచితంగా దొరుకుతుంది, దాని ట్యుటోరియళ్లకు స్టెప్-1, స్టెప్-2 అని పేర్లు. స్టెప్-7లో సరిగ్గా ఇలాంటి అంచు షరతులు, ముందే ఎంచుకున్న జవాబుతో పరీక్ష, లోపం తగ్గే తీరు చూపే కన్వర్జెన్స్ పట్టిక ఉంటాయి. తన పలక సమస్యను దానిలోకి మార్చి, రెండు పద్ధతుల లోపాలను పోల్చింది. రెండు కోడ్‌లనూ చక్కగా రీడ్‌మీ (కోడ్‌ను వివరించే నోట్) రాసి గిట్‌హబ్‌లో పెట్టింది. రీడ్‌మీలో "ఈ కోడ్ ఏం చేయలేదు" అనే భాగం రాయమని పట్టుబట్టాను. అనవసరమేమో అంది. ఒప్పుకోలేదు.

ఎస్ఓపీ, ఉత్తరాలు

కొత్త ఎస్ఓపీ మొదటి వాక్యం సారాంశం ఇది: "నా మొదటి ప్రాజెక్టులో లోపం నాలుగు రెట్లు తగ్గాల్సిన చోట రెండు రెట్లే తగ్గింది. కారణం తెలియక ఆ గ్రాఫ్‌ను రిపోర్టులోంచి తీసేశాను." చిన్ననాటి ఆసక్తి లేదు, ప్రతిష్ఠాత్మకం లేదు. రెండో పేరాలో కారణం ఎలా దొరికిందో, మూడో దాంట్లో ఆ అనుభవం ఏ ప్రశ్నల వైపు తీసుకెళ్లిందో. నాలుగో పేరా మాత్రం ఒక్కో చోటికి విడిగా రాసింది. గణితం తలుపు గుండా వెళ్లే ఫైలులో లోప విశ్లేషణ ముందుకొచ్చింది, ఇంజినీరింగ్ తలుపు గుండా వెళ్లేదానిలో వేడి సమస్య ముందుకొచ్చింది. అదే మనిషి, అదే పని. చదివేవాళ్లు వేరు.

పనిముట్ల జాబితా రెజ్యూమేలోకి వెళ్లి సగానికి తగ్గింది. క్యూడా, టెన్సర్‌ఫ్లో పోయాయి. ఎంపీఐ తీసేయనంది, ఆ ఇంటర్వ్యూ గాయం ఇంకా మానలేదు మరి. ఉంచాలంటే నిజంగా నేర్చుకోమన్నాను. అక్టోబర్‌లో తన సాల్వర్‌ను ఎంపీఐలోకి మార్చింది. ఒకే యంత్రంలో ఎనిమిది కోర్ల దాకా వేగం పెరిగింది, ఆ తర్వాత దాదాపు పెరగలేదు. కోర్లన్నీ ఒకే మెమరీ నుంచి డేటా లాగుతున్నాయని, స్పార్స్ మ్యాట్రిక్స్ (దాదాపు అన్నీ సున్నాలే ఉండేది) గుణకారంలో లెక్క తక్కువ, డేటా మోయడం ఎక్కువ కాబట్టి మెమరీ దారే ఇరుకవుతుందని కొలిచి మరీ తేల్చుకుంది.

న్యూమరికల్ మెథడ్స్ గ్రేడు గురించి ఎస్ఓపీలో ఒక్క మాట కూడా రాయనివ్వలేదు. సంజాయిషీ మొదలుపెడితే చదివేవాడి కన్ను అక్కడే ఆగుతుంది. ఆ గ్రేడుకు జవాబు ఆ గ్రాఫే.

సిఫారసు ఉత్తరాల దగ్గర మొదటి ఏడాది పెద్ద తప్పే జరిగింది. మూడింటిలో ఒకటి విభాగాధిపతిది, పదవి పెద్దదని అడిగింది. ఆయన క్లాసులో ఈమె వందమందిలో ఒకరు. ఇలాంటి ఉత్తరాలు "ఈమె క్రమశిక్షణ గల విద్యార్థిని, మంచి నడవడిక" అని ఉంటాయి. కమిటీలో మేం వాటిని హాజరు పట్టీ ఉత్తరాలు అనుకునేవాళ్లం. రెండోది "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అన్న ప్రొఫెసర్‌ది. ఇది చాలా చోట్ల మామూలైపోయింది, విద్యార్థి తప్పు కాదు. కానీ మూడు ఉత్తరాల్లోనూ ఒకే గొంతు వినిపిస్తే చదివేవాళ్లు పట్టేస్తారు.

రెండో ఏడాది ప్రాజెక్టు గైడ్‌ను, ఉద్యోగంలో రోజూ ఆమె పని చూసే సీనియర్‌ను, ల్యాబ్‌లో ఆమెతో గంటలు గడిపిన ఒక జూనియర్ అధ్యాపకురాలిని అడిగింది. ముగ్గురికీ ఒక్కో పేజీ నోట్ ఇవ్వమన్నాను. ఉత్తరం కాదు, గుర్తుచేసే విషయాలు మాత్రమే: ఎప్పుడు, ఏ పని, ఏం తప్పయింది, ఎలా సరిచేసింది. "సార్, మీరే సొంతంగా రాయండి, తేదీలు మర్చిపోతారని ఇది" అని అడిగిందట. గైడ్‌ది గడువు రోజు రాత్రికి గానీ చేరలేదు. ఆ సాయంత్రం ఆమె నాకు చేసిన ఫోన్లు ఎన్నో చెప్పను. చాలా విశ్వవిద్యాలయాలు ఉత్తరాలకు కొద్ది రోజుల వెసులుబాటు ఇస్తాయి, కానీ అన్నీ ఇవ్వవు. టెన్షన్ పడకు అని చెప్పడం తేలికే.

ప్రొఫెసర్లకు మెయిళ్లు పదకొండు వెళ్లాయి. ఒక్కోటి ఏడెనిమిది వాక్యాలు: మీ ఫలానా పేపర్‌లో ఫలానా అంచు షరతు గురించి ఈ సందేహం, నేను చేసిన పని ఇది, వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకునే ఆలోచన ఉందా. నాలుగింటికి జవాబొచ్చింది. ఒకాయన "ఈ ఏడాది తీసుకోవడం లేదు" అన్నాడు. అది కూడా లాభమే. జవాబు రాకపోతే దాన్ని తిరస్కరణగా లెక్కేయకూడదు, మెయిల్ చూడని ప్రొఫెసర్లు ఫైల్ చూస్తారు.

పరీక్షల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టోఫెల్ స్కోరు రెండేళ్లు, జీఆర్ఈ అయిదేళ్లు చెల్లుతాయి కాబట్టి పాతవే నడిచాయి. చాలా చోట్ల జీఆర్ఈ అడగడం లేదు. కానీ టోఫెల్‌లో మాట్లాడే విభాగం మార్కును మాత్రం విడిగా చూసుకోవాలి. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ (పాఠాలు చెప్పడంలో సాయపడితే ఇచ్చే జీతం) ఇవ్వాలంటే దానికి వేరే కనీసం పెట్టిన విశ్వవిద్యాలయాలున్నాయి. మొత్తం స్కోరు బాగుండి అక్కడ తగ్గితే సీటొచ్చి డబ్బు రాదు. మార్కుల శాతాన్ని నాలుగు పాయింట్ల జీపీఏలోకి సొంతంగా మార్చకండి, ఫారం అడిగితే తప్ప. మీ స్కేలు ఏదో అదే రాయండి. చదివేవాళ్లకు అలవాటే.

ఇంటర్వ్యూ, డబ్బు, నా తప్పు

జనవరిలో రెండు, ఫిబ్రవరిలో ఒక ఇంటర్వ్యూ. మొదటి దాంట్లో ప్రొఫెసర్ గ్రాఫ్ తెరిచే కూర్చున్నాడు. "ఘోస్ట్ పాయింట్లు ఎందుకు? అంచు దగ్గర ఒకవైపు పాయింట్లతోనే రెండో ఆర్డర్ ఫార్ములా రాయొచ్చు కదా?" అని అడిగాడు. రాయొచ్చు, ఆర్డర్ కూడా వస్తుంది, కానీ మ్యాట్రిక్స్ సౌష్ఠవం పోతుంది, అప్పుడు కాంజుగేట్ గ్రేడియెంట్ వాడలేను అంది. ఘోస్ట్ పాయింట్లతో అయితే అంచు వరుసలను సగం చేస్తే సౌష్ఠవం నిలుస్తుందనీ చెప్పింది. ఆ తర్వాత ఇంటర్వ్యూ ఇంటర్వ్యూలా లేదట, ఇద్దరూ బోర్డు ముందు నిలబడి మాట్లాడుకున్నట్టుందట. రెండో చోట ఎంపీఐ అడిగారు. ఎనిమిది కోర్ల దగ్గర ఎందుకు ఆగిందో చెప్పింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆమె రెండేళ్ల ఉద్యోగాన్ని ఎస్ఓపీలో ఒక్క వాక్యానికి కుదించమన్నది నేను. వాణిజ్య సాఫ్ట్‌వేర్‌లో బటన్లు నొక్కే పనని, పరిశోధన కాదని నా లెక్క. మూడు ఇంటర్వ్యూల్లోనూ ఎక్కువ సేపు అడిగింది దాని గురించే. గ్రిడ్ బాగా రాక సిమ్యులేషన్ విరిగిపోయినప్పుడు ఏం చేశావు, కొలతలతో జవాబు కలవకపోతే ఎవరి మాట నెగ్గేది, గడువు మీద పడితే ఎంత లోపాన్ని ఒప్పుకున్నావు అని. ఆమె దగ్గర అన్నింటికీ జవాబులున్నాయి. అవి కాగితం మీద కూడా ఉండుంటే మిగిలిన నాలుగు చోట్ల ఒకటైనా తెరుచుకునేదేమో. అప్పటి నుంచి ఉద్యోగం చేసి వచ్చేవాళ్లకు నా సలహా మార్చుకున్నాను.

డబ్బు విషయంలో విదేశీ విద్యార్థులు మొదటే తెలుసుకోవాల్సింది ఒకటుంది. అమెరికా ఇంధన శాఖ 1991 నుంచి ఇస్తున్న కంప్యుటేషనల్ సైన్స్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ ఈ రంగంలో పేరున్నది. పేరు చూసి చాలామంది ఆశపడతారు. అది ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వారి గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ కూడా అంతే. కాబట్టి మన దారి టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్. అంటే మళ్లీ ఎవరో ఒక ప్రొఫెసర్ గ్రాంటు, ఎవరో ఒకరి అవసరం. ఆఫర్ లెటర్‌లో మూడు విషయాలు వెతకమన్నాను: ఎన్నేళ్లకు మాటిచ్చారు, ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ అవుతుందా, వేసవి మూడు నెలల జీతం సంగతేంటి. ఒక ఆఫర్ తొమ్మిది నెలలదే, వేసవి మాట లేదు. మెయిల్ రాసి అడిగింది. ప్రొఫెసర్ గ్రాంటు నుంచి వేసవికీ ఇస్తామని రాతపూర్వకంగా జవాబొచ్చింది. అడగకపోతే రాసి ఇచ్చేవాళ్లు కాదు.

మరో చోటు మార్చి మొదటి వారంలోనే "పది రోజుల్లో చెప్పు" అని ఒత్తిడి పెట్టింది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ఆర్థిక సాయంతో వచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 దాకా గడువుంటుంది. ఆ విశ్వవిద్యాలయం జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంది కాబట్టి, మర్యాదగా ఆ ఒప్పందం ప్రస్తావిస్తూ సమయం అడగమన్నాను. భయపడింది, ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని. తీసుకోలేదు. ఆ నెల రోజుల్లో రెండు గ్రూపుల్లోని సీనియర్ విద్యార్థులతో విడివిడిగా మాట్లాడింది. ఒక గ్రూపులో ఆరేళ్లకు ముందు ఎవరూ బయటపడలేదని తెలిసింది కూడా అప్పుడే. ఏప్రిల్ 12న నిర్ణయం చెప్పింది.

తర్వాత అంతా కాగితాల పనే. ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) వచ్చింది. దాంట్లో కోర్సు పేరు, మొత్తం ఖర్చు, అందులో విశ్వవిద్యాలయం ఇచ్చేదెంత అన్నవి ఆఫర్ లెటర్‌తో అక్షరం అక్షరం సరిచూడమన్నాను. పుట్టిన తేదీలో ఒక అంకె తప్పు పడింది, దిద్దించుకోవడానికి వారం పట్టింది. సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వానికి కట్టేది) కట్టి, వీసా ఫారం నింపి, ఇంటర్వ్యూకు వెళ్లింది.

"ఏం చదవబోతున్నారు?" అని అడిగాడట ఆఫీసర్. కంప్యుటేషనల్ సైన్స్ అంది. "అంటే కంప్యూటర్ సైన్సా?"

"కాదు. నిజంగా చేసి చూడలేని ప్రయోగాలను కంప్యూటర్‌లో లెక్కగట్టి చూస్తాం. ఆ లెక్కను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పడం నా పని."

ఆయన తల ఊపి, చదువుకు డబ్బు ఎవరిస్తున్నారని అడిగాడు. ఆఫర్ లెటర్ చూపించింది. మూడు నిమిషాల్లో అయిపోయింది.